తోడేలు పేరు చెరిపిన ముహూర్తం

కనకశృంగ రాజ్యంలో ఆ పొద్దున ఏనుగులకు సైతం చెవుల వెనక రుద్ది మరీ తలంటు పోశారు. పట్టాభిషేకమంటే మాటలా మరి! కోట మేడల మీంచి ముత్యాల జాలరులు వేలాడుతున్నాయి. రాజవీధి పొడవునా పన్నీరు చల్లి, ఆ తడి మీద చామంతి రేకులు పరిచారు. బంగారు బురుజుల మీద ఎండ పడి ఎంత మెరుపు మెరిసిందంటే, ఊళ్ళో జనమంతా ఒక కన్ను మూసుకునే నడిచారు. ఇంత వైభవం జరుగుతుంటే సింహాసనం పక్కన నిలబడ్డ యువరాజు ఏం చేస్తున్నాడయ్యా అంటే, తను పెంచుకునే గొర్రెపిల్ల మెడలో పట్టు నాడా ఊడిపోయిందని వంగి ముడి వేస్తున్నాడు.

ఆ యువరాజు పేరు వుకాన్. ఇదెక్కడి పేరు, మన పంచాంగంలో లేదే అనుకుంటున్నారా? ఆ పేరు ఎలా వచ్చిందో తెలియకపోతే తర్వాత జరిగినదేదీ తలకెక్కదు. కాబట్టి ముందు అది చెప్పుకుందాం.

వుకాన్ తల్లి మిలేనాదేవి ఈ దేశపు మనిషి కాదు. బాగా ఉత్తరాన, చెట్ల బెరడు పాలలా తెల్లగా ఉండే భూర్జసీమ అనే రాజ్యం ఉంది. అక్కడి చలికి మగవాళ్ళ మీసాలు గడ్డకట్టి, నవ్వితే విరిగిపోతాయి. మిలేనాదేవి ఆ రాజుగారి కూతురు. ఆవిడను భద్రకేతు మహారాజు పెళ్ళాడి తెచ్చుకున్నప్పుడు, అరణంగా ఒక దాది కూడా వచ్చింది. పేరు స్తానా. అంటే వాళ్ళ భాషలో ‘ఇక ఆగు’ అని. వరసగా ఆరుగురు ఆడపిల్లల తర్వాత పుట్టిందట, అందుకని దేవుడికి వినపడేలా అలా పెట్టారు. ఈ సంగతి విని మన వంటశాల చాలమ్మ, “నా పేరూ అందుకే పెట్టారు వదినా!” అని కావిలించుకుని బావురుమంది. ఆనాటి నుంచి వాళ్ళిద్దరూ ఒకే పొడుం డబ్బీ పంచుకున్నారు.

మిలేనాదేవికి పుట్టిన బిడ్డ పుట్టినట్టే ఉయ్యాల్లోంచి మాయమయ్యేవాడు. ఏకదంష్ట్ర అనే మంత్రగత్తె ఎత్తుకుపోయేది. దాని నోట్లో ఉన్నది ఒకటే పన్ను. రాజవంశపు గుండెకాయ ఉడకబెట్టుకు తింటే రెండో పన్ను మొలుస్తుందని దాని ఆశ. ఎన్ని తిన్నా మొలవలేదు, అది మానలేదు.

మళ్ళీ నెలలు నిండినప్పుడు స్తానా అవ్వ నడుం బిగించింది. “తల్లీ, ఈసారి మా ఊరి పద్ధతి చేద్దాం. ఆ ముదనష్టపుదానికి రాజంటే భయంలేదు, కత్తంటే భయంలేదు. తోడేలంటే మటుకు దడుసుకు చస్తుంది. బిడ్డకి తోడేలు పేరు పెట్టేస్తే ఇక చూస్కో” అంది. బిడ్డ భూమ్మీద పడగానే తోడేలు దవడ తోలుతో చేసిన వలయంలోంచి అటునుంచి ఇటు దూర్చి, వాణ్ణి చంకనేసుకుని బురుజెక్కి, నాలుగు దిక్కులా కేక పెట్టింది.

“ఆడతోడేలు తోడేలుని కన్నదహో! లోకమంతా తెలుసుకోండహో! బిడ్డ నిక్షేపంగా ఉండాలహో!”

వుక్ అంటే అక్కడివాళ్ళకు తోడేలు. వుకాన్ అంటే తోడేలంతటివాడు. అప్పటికే ఉప్పూ కారం పొట్లం కట్టుకుని గోడ మీద గొంతుక్కూర్చున్న ఏకదంష్ట్ర ఆ కేక విని, పొట్లం అక్కడే పారేసి పరుగో పరుగు. ఊళ్ళోవాళ్ళు మాత్రం నిజంగానే తోడేలు పుట్టిందనుకుని బారసాలకు మాంసం ముక్కలు పట్టుకొచ్చారు. సేనాపతి భార్య ఉయ్యాల్లోకి తొంగి చూసి, “తోకేదీ?” అని ఊరుకోక అడిగింది కూడా.

ఆ పేరు కంచుకోటలా కాపాడింది గానీ మనిషికి మాత్రం తోడేలు గుణం ఒక్కటీ అంటలేదు. కత్తిసాములో గురువును ఓడించి, “తగిలిందాండీ?” అని గంధం పూసేవాడు. పెద్దవాళ్ళెవరు పిలిచినా, చేతిలో ముద్ద వదిలేసి “ఆఁ, వస్తున్నానండీ” అని పరుగెత్తేవాడు. అంత మర్యాద.

ఇప్పుడిక పట్టాభిషేకం దగ్గరికి వద్దాం. కనకశృంగంలో రాజయ్యేవాడికి పాత పేరు తీసేసి కొత్త పేరు పెట్టడం ఆచారం. బంగారు పళ్ళెంలో బియ్యం పోసి పాత పేరు రాస్తారు, రాజు తన చేత్తో దాన్ని చెరిపేస్తాడు. అలా చెరిపిన పేరు ఆ మనిషికి మళ్ళీ ఎన్నటికీ అంటదు. తర్వాత ఉంగరంతో కొత్త పేరు రాసి, చెవి దగ్గర నోరు పెట్టి పిలుస్తారు. అతడు పలికితే ఆ పేరు అతడిదైపోతుంది. ఇంతే. కాకపోతే, రాస్తున్నంతసేపూ సభలో ఎవరూ నోరు మెదపకూడదు. మెదిపారా, రాసిందంతా కలిపేసి మళ్ళీ మొదటినుంచి.

ఆస్థాన పండితుడు దీర్ఘసమాస భట్టు ఉంగరం తుడుచుకుంటూ, “తోడేలు పేరుతో సింహాసనమెక్కితే పొరుగు రాజులు విందుకు పిలిచి ఎముకలు వడ్డిస్తారు ప్రభూ!” అన్నాడు.

“వడ్డిస్తే వడ్డించనివ్వవయ్యా! గుండె మిగుల్తుంది కదా! బాబ్బాబు, ఆ పేరు తియ్యకండి” అని స్తానా అవ్వ అడ్డం వచ్చింది.

“ఎదిగిన మగవాడి గుండె ఒంటి పన్నుతో ఎలా నములుతుందే ముసలీ?”

“నమలదు పంతులూ. ఉడకేసి జుర్రుకుంటుంది.”

భద్రకేతు మహారాజు గడ్డం గోక్కుంటూ పండితుణ్ణీ అవ్వనూ మార్చి మార్చి చూశాడు. ఎముకల విందు తలుచుకుంటే ఆయనకు అవమానంగా తోచింది. పళ్ళెంలోని వుకాన్ అనే పేరును అరచేత్తో చెరిపేశాడు.

భట్టు గొంతు సవరించుకుని రాయడం మొదలెట్టాడు. ఆయన కూర్చిన కొత్త పేరు ‘ప్రచండదోర్దండమండితోద్దండకోదండఖండితారాతిమండల’ అని మొదలై, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా, సూర్యచంద్రుల మీదుగా సముద్రాలు దాటి, చివరికి ‘భూపాలుడు’ దగ్గర ఆగుతుంది. ‘ఖండితా’ దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం నిండిపోయింది. ఇంకో పళ్ళెం కావాలని సైగ చేశాడు. ఆ తర్వాత బియ్యం కావాలని సైగ చేశాడు. అవ్వ ఉండబట్టలేక, “త్వరగా కానియ్యవయ్యా, పిల్లాడు పేరు లేకుండా నిలబడ్డాడు!” అంది. భట్టు కళ్ళెర్రజేసి అంతా కలిపేశాడు. మళ్ళీ ‘ప్రచండ’. భేరి కొట్టేవాడు తుమ్మాడు, మళ్ళీ ‘ప్రచండ’. చివరికి మహారాజే మరిచిపోయి “ఇంకెంతుందీ?” అన్నాడు, ఇక చెప్పేదేముంది, మళ్ళీ ‘ప్రచండ’.

పళ్ళెం తర్వాత పళ్ళెం నింపేసరికి కొట్టులో బియ్యం నిండుకున్నాయి. వడ్లు దంచి, చెరిగి తెచ్చేందుకు ఊళ్ళోంచి ఆడవాళ్ళను పిలిపించారు. వాళ్ళలో మూతికి కొంగు అడ్డం పెట్టుకున్న ఒక ముసలావిడ చేట పట్టుకుని సభలోకి వచ్చింది. ఎవరమ్మా నువ్వు అని అడగాలని ద్వారపాలకులకు అనిపించింది. అడిగితే మళ్ళీ మొదటికి వస్తుందని నోరు మూసుకున్నారు. ముసలావిడ నేరుగా యువరాజు ముందుకు పోయి నవ్వింది. కొంగు జారింది. ఒకే ఒక్క పన్ను తళుక్కున మెరిసింది.

“అదే! అదే! పట్టుకోండ్రా దాన్ని!” అని అవ్వ గావుకేక పెట్టింది.

“మళ్ళీ మొదటికి!” అని భట్టు నెత్తి కొట్టుకుని బియ్యం కలిపేశాడు.

ఏకదంష్ట్ర చేట ఎత్తి యువరాజు మీదికి ఒక్క చెరుగు చెరిగింది. ఆరడుగుల మనిషి గిర్రున తిరిగి, గుప్పెడంతై, గింజంతై, టప్పున చేటలో పడ్డాడు. అది చేట మీద కూర్చుని రివ్వున పైకి లేచింది. సేనాపతి కత్తి దూసేలోపు అది పైకప్పు కిటికీ దాటింది. కానీ స్తానా అవ్వ అంతకంటే ముందే దూకి దాని చీర కొంగు దొరకబుచ్చుకుంది. చేటా, మంత్రగత్తే, కొంగూ, కొంగు చివర అవ్వా, అంతా ఆకాశంలోకి!

కింద కనకశృంగం పసుపు ముద్దంత కనబడింది, తర్వాత అదీ కనబడలేదు. తెల్లని మబ్బులు పాడిఆవుల మందల్లా మేస్తున్నాయి. వాటి పొదుగుల్లోంచి కారిన వాన దారాలకు ఇంద్రధనుస్సు రంగులద్దుతోంది. అవ్వకు అవేం పట్టలేదు. ఎత్తులోనే ఉన్నాను కదా అని గొంతెత్తి అరిచింది: “ఆడతోడేలు తోడేలుని కన్నదహో!”

“అరవవే, గొంతు పోయేదాకా అరవవే!” అని ఏకదంష్ట్ర పగలబడి నవ్వింది. “మీ రాజు చేత్తో చెరిపిన పేరు మళ్ళీ అంటుతుందటే, పిచ్చిమొహమా?”

నిజమే, ఆ పేరు గాలికి కొట్టుకుపోయింది. చేటలో గింజంత యువరాజు అటూ ఇటూ దొర్లుతూ, “అవ్వా, జాగ్రత్త! కొంగు చిరుగుతోందీ!” అని దోమంత గొంతుతో మొత్తుకున్నాడు.

ఇంతలో దారికడ్డంగా అగ్నినాస పర్వతం వచ్చింది. దానికి శిఖరం బదులు ఇంత లావు ముక్కు, రెండు రంధ్రాల్లోంచి నిప్పు. ఏకదంష్ట్ర ఒడుపుగా దాని పక్కనుంచి పోబోయింది. అవ్వ నడుం దగ్గర దోపుకున్న పొడుం డబ్బీ జారి, మూత ఊడి, సరిగ్గా ఎడమ రంధ్రంలో పడింది. పర్వతం ఒక్క క్షణం గుక్కపట్టింది. ఆ పైన హాచ్చ్‌మని తుమ్మింది చూడండీ, సముద్రం రెండుగా చీలి, చేపలు మబ్బుల మీద పడ్డాయి. కొంగు పర్రున చిరిగింది. చేటతో సహా మంత్రగత్తె ఒకవైపూ, అవ్వ ఒకవైపూ ఎగిరిపోయారు.

ఏకదంష్ట్ర పోయి పడింది తన ఇంటి గుమ్మంలోనే. ఆ ఇల్లు గాజుదీవిలో ఉంది. ఇల్లంటే ఇల్లు కాదు, కొండంత నత్త. దాని గుల్లలోపల చుట్లు చుట్లుగా గదులు, ఆల్చిప్ప గోడలు, చేపకళ్ళ దీపాలు, మెట్ల పొడవునా జిగురు మెరుపు. నత్త ఎప్పుడూ మెల్లమెల్లగా పాకుతూనే ఉంటుంది కాబట్టి ఆ ఇంటికి చిరునామా లేదు. అన్నిటికన్నా అడుగు గదిలో పొయ్యి మీద జఠరకుంభం అనే కుండ ఉంది. దానికి నోరుంది, మాట ఉంది, మహా చెడ్డ పేచీ ఉంది. దాని పక్కన మూకుట్లో నూనె. ఎవరు ఏం చేయబోతున్నారో ఆ నూనెలో ముందే కనబడుతుంది. అది చూసుకునే ఏకదంష్ట్ర ఇన్నేళ్ళుగా ఎవరికీ చిక్కలేదు.

చేట తిరగేసి కొట్టగానే యువరాజు మళ్ళీ ఆరడుగుల మనిషయ్యాడు. కత్తి మాత్రం సూదంతే మిగిలింది.

“కూర్చో నాయనా, అలిసిపోయావు” అంది ఏకదంష్ట్ర.

పెద్దావిడ కూర్చోమంది కదా అని అతడు పీట మీద కూర్చున్నాడు. అది ఉప్పూ మిరియాలూ తీసింది.

“ఏం వండుతున్నావే?” అంది కుండ.

“గుండె.”

“ఎవరిదీ?”

“రాచకొడుకుది.”

“పేరు?”

“పేరు లేదే! చెరిపించి తెచ్చాను, నా తెలివి చూడు.”

“తగలెట్టావ్” అంది కుండ. “పేరు లేనిదాన్ని నేను ఉడికించనని తెలీదూ? ఆమధ్య పేరు తెలీని దుంప ఒకటి వేశావు, అదింకా అడుగున పచ్చిగానే దొర్లుతోంది. నాకు కడుపునొప్పి. ఏదో ఒక పేరు పెట్టి, వాడి చేత పలికించి అప్పుడు పడెయ్. మెత్తటిది పెట్టుకో, తొందరగా ఉడుకుతాడు.”

యువరాజుకు విషయం అర్థమైంది. ఇప్పుడు మొదట ఏ పిలుపుకు పలికితే అదే తన పేరు, ఉయ్యాల్లో పెట్టిన పేరులా కాక, నోరారా పలికి తెచ్చుకున్న ఆ పేరు ఎలాంటిదైతే తనూ అలాంటివాడే. పలకకుండా ఉన్నంతసేపే ప్రాణం. కానీ పెద్దవాళ్ళు పిలిస్తే పలకకుండా ఉండటం అతడికి పుట్టి బుద్ధెరిగి చేతకాని పని! రెండు పెదాలూ లోపలికి లాగి పళ్ళతో పట్టుకున్నాడు.

“వెన్నముద్దా!” అని పిలిచింది ఏకదంష్ట్ర.

యువరాజు రెండు చేతులా పీట అంచులు పట్టుకున్నాడు. పలకలేదు.

“ఒరేయ్ పెరుగువడా! ఓ దూదిపింజా! నా పనసతొనా!”

చెవుల దాకా ఎర్రబడ్డాడు. పలకలేదు. పెద్దావిడ అన్నిసార్లు గొంతు చించుకుంటుంటే పలకని పాపానికి కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

ఏకదంష్ట్ర గొంతు మార్చింది. అచ్చం మిలేనాదేవి గొంతు. “నా మీగడతరకా, అన్నం తిన్నావా కన్నా?”

“తి...” అని నోటిదాకా వచ్చిన మాటను నాలుక కొరుక్కుని ఆపాడు.

“గట్టివాడే!” అంది కుండ మెచ్చుకోలుగా.

“నువ్వు నోర్ముయ్” అని ఏకదంష్ట్ర ఉన్నట్టుండి నేల మీద వెల్లకిలా పడిపోయింది. “అబ్బా! నడుం విరిగిందిరోయ్! ముసల్దాన్ని, దిక్కులేనిదాన్ని! మెత్తని మనసున్న నా లడ్డూ తండ్రీ, చెయ్యందుకోరా!”

అదిగో, ఇక ఆగలేకపోయాడు. పీట మీంచి లేచి, చెయ్యి చాపి, “ఆ...” అని నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడు పైనుంచి దడదడదడమని చప్పుడు. తుమ్ము విసురుకు ఆకాశమంతా చుట్టి నత్తగుల్ల కొసన వచ్చిపడ్డ స్తానా అవ్వ, జిగురు మెట్ల మీద కూర్చున్నపాటున జారుకుంటూ, చుట్టు తర్వాత చుట్టు తిరిగి, ఆ వేగానికి యువరాజును ఢీకొట్టి, ఇద్దరూ కలిసి ఉప్పుబస్తా మీద పడ్డారు. తెరిచిన నోరు ఉప్పుతో నిండిపోయింది.

ఏకదంష్ట్ర లేచి మూకుట్లోకి చూసింది. మొహం మాడిపోయింది. “ఇదెలా ఊడిపడిందే? నేననుకోలేదే! అసలనుకోలేదు!”

ఉప్పు దులుపుకుంటున్న అవ్వ కళ్ళు పెద్దవయ్యాయి. “అనుకోలేదా? ఆ మాటకి మా ఊళ్ళో ఒక పేరుందే! నాకిప్పటిదాకా తట్టలేదు చూడు!”

“ఏం పేరూ?” అంది కుండ.

అవ్వకు ఎవరైనా అడిగితే చాలు, పొయ్యి పక్కనే అయినా సరే చతికిలబడిపోతుంది. “మా భూర్జసీమలో మొగుడూ పెళ్ళాం ఉండేవాళ్ళమ్మా. పిల్లల్లేక ఎదురుచూసి చూసి, ఇహ లేదులే అని ఉయ్యాల చెక్కలు పొయ్యిలో పెట్టేశారు. ఆవిడకి పొట్టొస్తే కూడా ఊరగాయ క్యాబేజీ పడలేదనుకుంది.”

“తర్వాత?” అంది ఏకదంష్ట్ర, మిరియాలు చేతిలోనే పట్టుకుని.

“వాముకషాయం తాగింది. తగ్గలేదు. గుర్రబ్బండి ఎక్కి వైద్యుడి దగ్గరికి పోతుంటే దారిలోనే, గడ్డి మోపు మీద, కేరుమన్నాడు పిల్లాడు! బండి తోలుతున్న మొగుడు వెనక్కి చూసి, పగ్గాలొదిలేసి, ‘నెనాద్!’ అని అరిచాడు. అనుకోనివాడూ, ఎదురుచూడని వేళ వచ్చినవాడూ అని. ఆనాటినుంచి మావాళ్ళు ఆశ వదులుకున్నాక పుట్టిన మగబిడ్డకి నెనాద్ అని పెడతారు. ఆ పేరుగలవాడు తర్వాత ఏం చేస్తాడో కన్నతల్లికి కూడా అంతుపట్టదు!”

అప్పుడు తట్టింది ఏకదంష్ట్రకు. “ఓసి నీ! నన్ను కథలో పెట్టి...” అని ఒక్క గెంతు గెంతింది.

అవ్వ యువరాజు చెవి దగ్గర నోరు పెట్టింది. “నెనాద్!”

అతడు పలకలేదు. ఎవరు పిలిచినా పలకకూడదని మనసులో అంత గట్టిగా ఒట్టు పెట్టుకున్నాడు మరి! ఈ గొంతు కూడా మంత్రగత్తె మాయేమోనని పెదాలు ఇంకా లోపలికి లాక్కున్నాడు.

“నెనాద్! నాయనా, నేన్రా!”

ఊహూఁ. ఏకదంష్ట్ర వాళ్ళిద్దరి మధ్యలోకి తల దూర్చి, “వెన్నముద్దా, వెన్నముద్దా!” అని మొదలెట్టింది. ఒక చెవిలో నెనాద్, ఒక చెవిలో వెన్నముద్ద. అవ్వకు ఒళ్ళు మండింది. చెయ్యెత్తి వీపు మీద ఫెడేల్మని ఒక్కటిచ్చింది.

“ఒరేయ్ నెనాద్! పిలుస్తుంటే పలకవేంరా, బెల్లంకొట్టిన రాయిలా!”

“ఆఁ అవ్వా!” అన్నాడతడు అదిరిపడి.

అంతే, పేరు అంటుకుంది. నత్త ఒక్కసారి ఆగిపోయింది. మూకుట్లో నూనె గిలగిల కొట్టుకుని, నల్లబడి, ఇక ఏదీ చూపించనని మొరాయించింది.

“ఇప్పుడు పేరుంది. కానీ ఇది ఉడికే పేరో కాదో నేను చెప్పలేను” అంది కుండ సణుగుతూ.

“పారిపో తండ్రీ! మెట్లెక్కి పారిపో!” అని అవ్వ అరిచింది. అతడూ మెట్లవైపే పరుగెత్తాలనుకున్నాడు. పాదాలు అటే తిప్పాడు కూడా. ఏకదంష్ట్ర కూడా అదే ఊహించి, చేట ఎత్తుకుని మెట్లకు అడ్డంగా నిలబడింది. నెనాద్ రెండడుగులు వేసి, ఎందుకో తనకే తెలియకుండా గిర్రున వెనక్కి తిరిగి, “క్షమించాలండీ” అని కుండకు చెప్పి, సలసల కాగుతున్న జఠరకుంభంలోకి తలకిందులుగా దూకేశాడు.

అవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఏకదంష్ట్ర ఆనందంతో ఒంటిపన్ను బయటపెట్టి, గరిటె అందుకుని కుండలోకి వంగింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది.

“ఏదే గుండె? వాడేడీ?”

కుండ చెంపలు ఉబ్బాయి, పొట్ట ఒకవైపుకు కదిలింది, లోపల ఎవరో చెప్పుల్లేని కాళ్ళతో గబగబా నడుస్తున్న చప్పుడైంది.

“లోపలికి పోయాడు” అందది చివరికి, సిగ్గుపడుతున్నట్టు. “నాకు అడుగనేది ఉందనుకున్నాను. మెట్లున్నాయి. ఎక్కడికి దిగుతాయో నన్నడక్కు, నేనెప్పుడూ చూసుకోలేదు.”

ఏకదంష్ట్ర గరిటె నేలకేసి కొట్టి చేట కోసం వెనక్కి తిరిగింది. అంతవరకే ఆగింది స్తానా అవ్వ. చిరిగిన కొంగు ముక్క పారేసి, కుచ్చెళ్ళు ఎగదోపుకుని, పొయ్యిగట్టు ఎక్కింది.

“ఉండరా నెనాద్, నేనూ వస్తున్నా! అక్కడ ఎవర్నీ పలకరించకు!” అని కుండలోకి కేకేసి, ముక్కు మూసుకుని దూకింది.